నేను వాడుకున్న ఆదివారం

'అర్ధరాత్రి పన్నెండున్నరకి ఒక్కదాన్నే, చేతులూపుకుంటూ, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసుకోకుండా నడిచాను.' సింగపూర్ మీద నేను రాసిన యాత్రావ్యాసంలో మొదటి వాక్యం ఇది. 2023 జూలైలో అయిదు రోజులు అక్కడ ఉండి వచ్చి, ఆ ఊపులోనే రాసేశాను. అచ్చయ్యాక బాగా పేరొచ్చింది. నా పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథానికి కూడా అంత పేరు రాలేదు. ఏదో కాలేజీలో అమ్మాయిల చేత చదివించారట కూడా. ఈమధ్య స్త్రీల యాత్రారచనల సంకలనంలో వేసుకుంటామని అనుమతి అడిగారు. సంతకం పెట్టే ముందు మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. చదివాక సంతకం పెట్టబుద్ధి కాలేదు.

అందులో అబద్ధమేమీ లేదు. నడిచిన మాట నిజం. భయం వెయ్యని మాట నిజం. హైదరాబాదులో రాత్రి ఎనిమిదింటికి ఆటో ఎక్కితేనే ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తాను. అలాంటిదాన్ని, ఆఖరి రైలు దిగి పదిహేను నిమిషాలు నిర్మానుష్యమైన రోడ్డు మీద పాట పాడుకుంటూ నడవటం ఎంత పెద్ద సంగతో ఈ పత్రిక చదివేవాళ్ళకి వివరించనక్కర్లేదు. గాంధీ పేరు మీద మనం సభల్లో తరచూ చెప్పుకునే ఆ అర్ధరాత్రి స్త్రీని (ఆయన నిజంగా అన్నాడో లేదో ఎవరూ చూపించరు) నేనే అయిపోయాననుకున్నాను.

అయితే ఆ రాత్రి అలా నడిచి నేను చేరింది ఒక ఇంటి తలుపు దగ్గరికి. తలుపు తీసినావిడ నాకోసమే మేలుకుని ఉంది. పదకొండు పేజీల నా వ్యాసంలో ఆవిడ ఎక్కడా లేదు.

నేనిప్పుడు పోట్లాడుతున్నది ఆ వ్యాసంతో. చదువుకున్న ఆడవాళ్ళం దేశాలు తిరిగి వచ్చి రాస్తున్న రాతలతో కూడా. అందరికంటే ముందు నన్నే నిలబెట్టుకున్నాను కాబట్టి మిగతావాళ్ళు నొచ్చుకోరనుకుంటాను. నొచ్చుకున్నా ఫరవాలేదు.

* * *

నేను దిగింది స్నేహితురాలి ఇంట్లో. ఇద్దరం ఒకే ఏడాది యూనివర్సిటీలో చేరాం, హాస్టల్లో ఒకే గది. విమల రాసిన 'వంటిల్లు' కవిత మా ఇద్దరికీ కంఠతా వచ్చు. మెస్సులో పప్పు మాడినప్పుడల్లా ఒకళ్ళు ఎత్తుకుంటే రెండోవాళ్ళు అందుకునేవాళ్ళం. తను పరిశోధన సగంలో వదిలేసి, పెళ్ళి చేసుకుని, భర్త ఉద్యోగం వెంట సింగపూర్ వెళ్ళిపోయింది. ఇద్దరు పిల్లలు. కొన్నేళ్ళపాటు ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా మాటల మధ్య కుక్కర్ కూతలే. తర్వాత తనూ ఉద్యోగంలో చేరింది. రాయటం మళ్ళీ మొదలుపెట్టింది. మూడు కథలు అచ్చయ్యాయి, మూడూ మంచి కథలు. వంటింట్లోంచి బయటపడిన గొంతు అంటూ నేనొక సదస్సులో వాటి గురించి మాట్లాడాను కూడా.

తను బయటపడిన మాట నిజమే. కానీ వంటిల్లు ఖాళీగా లేదు. అందులోకి తూర్పు జావాలో ఒక పల్లె నుంచి ఇంకొకావిడ వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు, అంటే ఇంచుమించు మా ఈడే. ఆవిడ పేరు నాకు తెలుసు, రాయను. ఆవిడ వర్క్ పర్మిట్ ఆ ఇంటితో ముడిపడి ఉంది. ఈ వ్యాసం ఎవరు ఎవరికి చదివి వినిపిస్తారో చెప్పలేం. పిల్లలు ఆవిడని 'కకక్' అని పిలుస్తారు. మలయ్‌లో అక్క అని అర్థం. నా స్నేహితురాలూ, వాళ్ళాయనా కూడా అలాగే పిలుస్తారు. అక్క అని పిలుస్తూ అంట్లు తోమించుకోవటం మనకేం కొత్త కాదు కదా.

నేను గురువారం దిగాను. విమానాశ్రయంలోనే అద్దాల కప్పులోంచి 40 మీటర్ల కిందికి దూకే జలపాతం, సెరంగూన్ రోడ్డులో మల్లెపూల దండలు, వీరమాకాళియమ్మన్ గుడి గోపురం, సుల్తాన్ మసీదు బంగారు గుమ్మటం, బొటానిక్ గార్డెన్లో ఆర్కిడ్లు. ఇవన్నీ పాత వ్యాసంలో ఉన్నాయి. బాగానే రాశాను, మళ్ళీ రాయను.

ఆదివారం సంగతి చెప్పాలి.

ఆ రోజు మధ్యాహ్నం నా స్నేహితురాలు ఇంట్లో చిన్న సభ పెట్టింది. పన్నెండు మంది తెలుగు ఆడవాళ్ళు వచ్చారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు, ఒక బ్యాంకు ఉద్యోగిని, ఇద్దరు టీచర్లు. అందరూ పుస్తకాలు చదివేవాళ్ళే. నన్ను మాట్లాడమన్నారు. నేనెంచుకున్న విషయం చెప్పాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. 'తెలుగు స్త్రీల కథల్లో ఇంటిచాకిరీ.' గంటంబావు మాట్లాడాను. కనపడని శ్రమ, లెక్కకు రాని శ్రమ, ఆదివారం లేని శ్రమ. నిజంగానే ఆ మాట అన్నాను, ఆదివారం లేని శ్రమ అని. మధ్యలో టీ వచ్చింది. తర్వాత పునుగులు వచ్చాయి, అల్లం పచ్చడితో. జావా ఆవిడ చేతి పునుగులు అచ్చం మన సెంటర్లో బండి దగ్గర తిన్నట్టే ఉన్నాయి. అందరూ మెచ్చుకున్నారు. ఆవిణ్ణి కాదు, 'ఎంత బాగా నేర్పావే!' అని నా స్నేహితురాలిని. చర్చలో ఒకరు, మగపిల్లలకి చిన్నప్పటి నుంచే వంట నేర్పాలన్నారు. చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్ల మధ్యనే ఆవిడ ఖాళీ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. పక్కకి జరిగి దారిచ్చిన గుర్తు నాకుంది. అంటే నాకు ఆవిడ కనిపించింది. కనపడని శ్రమ అని నేను చెబుతున్నప్పుడు ఆ శ్రమ నా మోకాలికి తగులుతూనే ఉంది.

భోజనాల్లో పులిహోర, గోంగూర పప్పుతో పాటు, అరిటాకులో పొడవుగా చుట్టి ఉడికించిన అన్నం చుట్టలు కూడా వడ్డించారు. వాటిని లొంతోంగ్ అంటారు. ఆకు విప్పితే వచ్చే వాసనకి మా కోనసీమలో పనసాకుల్లో ఉడికించే పొట్టిక్కలు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. అందరూ వెళ్ళాక, ఎలా చేస్తారో అడుగుదామని వంటింట్లోకి వెళ్ళాను. ఆవిడ తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పింది. బియ్యం ఆకులో సగానికే నింపాలి, గంటల తరబడి ఉడకాలి. శనివారం రాత్రి అందరూ పడుకున్నాక చేసిందట. ఎందుకంటే, తన ఊరి స్నేహితురాలు పదేళ్ళ తర్వాత ఆ ఆదివారం రాత్రి విమానానికి జావా వెళ్ళిపోతోంది, ఇక తిరిగి రాదు. పాయా లేబార్ స్టేషన్ పక్కన పచ్చిక మీద అందరూ కలిసి తిని సాగనంపాలనుకున్నారు. ఇండోనేసియా పనివాళ్ళు ఆదివారాలు కలుసుకునే చోటు అది. 'మరి వెళ్ళలేదేం?' అన్నాను. ఆవిడ నవ్వి 'గెస్ట్, మేడమ్' అంది.

ఆ గెస్ట్‌ని నేను. ఆ లొంతోంగ్ నేను మూడు తిన్నాను.

అప్పటికి టైము నాలుగున్నర. పాయా లేబార్ రైల్లో అరగంట దూరం. నేను నా స్నేహితురాలితో ఒక్క మాట అని ఉంటే ఆవిడ వెళ్ళి రాగలిగేది. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదని రాసి తప్పించుకోవచ్చు. తట్టింది. స్నేహితురాలికి చెబితే ఇబ్బంది పడుతుందేమో, వాళ్ళింటి విషయం నాకెందుకు అనుకున్నాను. స్నానం చేసి, చీర మార్చుకుని మెరీనా బే చూడటానికి వెళ్ళాను. గార్డెన్స్ బై ద బేలో గాజు గుమ్మటాల కింద చల్లటి పొగమంచులో తిరిగాను. రాత్రి ఆ ఉక్కు చెట్లకి దీపాలు వెలిగితే కళ్ళప్పగించి చూశాను. ఆ అర్ధరాత్రి నడక ఆ రోజుదే. పన్నెండూ నలభైకి నేను బెల్ కొడితే ఆవిడ తలుపు తీసింది. మళ్ళీ అయిదింటికి లేవాలి, పిల్లల స్కూలు బస్సు ఆరున్నరకి.

నా వ్యాసంలో లొంతోంగ్ మీద పన్నెండు వాక్యాలున్నాయి. పొట్టిక్కలతో పోలిక ఉంది. అరిటాకు సంస్కృతి గురించి, సముద్రాలు దాటే రుచుల గురించి ఏదేదో ఉంది. అది ఎవరు వండారో, ఎవరికోసం వండారో మాత్రం లేదు.

* * *

ఆవిడ సెలవు పోయినందుకు నా స్నేహితురాలు 25 డాలర్లు ఇచ్చింది. తను అన్యాయం చేసిందని నేననటం లేదు. ఆ లెక్క చట్టానిదే. నెల జీతం 650 డాలర్లని 26తో భాగిస్తే ఒక రోజు విలువ అంత. ఆ సాయంత్రం నేను కొన్న ప్రవేశ టికెట్టు అంతకంటే ఎక్కువ. సింగపూర్‌లో ఇంటిపనివాళ్ళకి వారానికి ఒకరోజు సెలవన్న నియమం వచ్చిందే 2013 జనవరిలో. అదయినా ఇద్దరూ ఒప్పుకుంటే డబ్బుగా మార్చుకోవచ్చు. ఇద్దరూ ఒప్పుకోవటమంటే ఏమిటో, ఒకరింట్లో పడుకుని ఒకరి అన్నం తినేవాళ్ళ ఒప్పుకోలు ఎలా ఉంటుందో కోడళ్ళుగా బతికిన మనకి ఇంకొకరు చెప్పాలా? నెలకి కనీసం ఒక్క సెలవైనా డబ్బుతో కొనటానికి వీల్లేదని 2023 జనవరిలో సవరించారు. ఆ నెలలో మిగతా ఆదివారాల సంగతి నేను అడగలేదు. అడిగితే చట్టం తప్పారో లేదో తేలిపోయేది, అందుకే అడగలేదేమో కూడా.

చట్టం మాట వచ్చింది కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. ఆ నగరాన్ని మనం 'ఆడవాళ్ళ నగరం' అని పొగిడేటప్పుడు చూడనిది ఇక్కడే ఉంది.

1961లోనే విమెన్స్ చార్టర్ పేరుతో బహుభార్యాత్వాన్ని రద్దుచేసిన దేశం అది (ముస్లిం వివాహాలకి వేరే చట్టం ఉంది). తమ ఆడవాళ్ళు ఉద్యోగాల్లోకి రావాలి, ఇంట్లో పిల్లల్నీ ముసలివాళ్ళనీ ఎవరు చూడాలి అన్న ప్రశ్న అక్కడి ప్రభుత్వానికీ వచ్చింది. మగవాళ్ళు చూడాలి అన్నది ఒక జవాబు. ప్రభుత్వమే ఆ పని నెత్తికెత్తుకోవాలన్నది ఇంకో జవాబు. 1978లో ఎంచుకున్న జవాబు, పేద దేశాల ఆడవాళ్ళని పనికి రప్పించుకునే పథకం. ఇవాళ అక్కడ రెండున్నర లక్షలకు పైగా విదేశీ ఇంటిపనివాళ్ళున్నారు, అందరూ ఆడవాళ్ళే. సుమారు అయిదిళ్ళకి ఒక ఇంట్లో ఉంటారు. పనివాళ్ళందరికీ వర్తించే ఉపాధి చట్టం వీళ్ళకి వర్తించదు. కనీస వేతనం లేదు. యజమాని ఒక్కొక్కరి మీదా ప్రభుత్వానికి 5000 డాలర్ల పూచీకత్తు కట్టాలి. ఆర్నెల్లకోసారి వైద్య పరీక్ష. అందులో గర్భం వచ్చిందేమో చూస్తారు. వస్తే ఇంటికి పంపించేస్తారు. అక్కడి పౌరుణ్ణి పెళ్ళి చేసుకోవాలంటే ప్రభుత్వం అనుమతివ్వాలి.

ఈ ఆర్నెల్ల పరీక్ష దగ్గర మనమంతా ఆగాలి. పునరుత్పత్తి హక్కుల మీద ఎన్ని సెమినార్లు పెట్టాం మనం! కుటుంబ నియంత్రణ శిబిరాల గురించి, పేద ఆడవాళ్ళ గర్భసంచుల గురించి ఎంత రాశాం! స్త్రీ శరీరం మీద రాజ్యం పెత్తనం అంటూ పేపర్లు చదివినవాళ్ళం, సెలవులకి వెళ్ళి ఆ రాజ్యం శుభ్రతని మెచ్చుకుని వస్తున్నాం. ఆ పెత్తనం మన శరీరం మీద లేదు కాబట్టి. నన్ను పర్యాటకురాలిగా నెల రోజులకి లోపలికి రానిచ్చిన అధికారి నన్ను కడుపుతో ఉన్నావా అని అడగలేదు.

ఆవిడ పడుకునే చోటు గురించి కూడా చెప్పాలి. 1998 నుంచి అక్కడ కట్టిన ఫ్లాట్లలో బాంబు దాడి జరిగితే తలదాచుకోవటానికి ఒక చిన్న గది ఉంటుంది. మందపాటి గోడలు, ఉక్కు తలుపు, కిటికీ ఉండదు. చాలా ఇళ్ళలో అది స్టోర్ రూము, పనావిడ గది కూడా అదే. మా స్నేహితురాలింట్లోనూ అంతే. నేను అర్ధరాత్రి లోపలికి వచ్చినప్పుడు ఆ ఉక్కు తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల పరుపు, టేబుల్ ఫ్యాను, బియ్యం బస్తా, పిల్లల పాత సైకిలు. వాటి పక్కన నా సూట్‌కేసు. నా గదిలో అడ్డంగా ఉందని ఎవరో అక్కడ పెట్టారు. నేను 'సొంత గది' మీద ఎమ్మేలో టర్మ్ పేపర్ రాసినదాన్ని.

* * *

ఇలా రాస్తున్నానని నా స్నేహితురాలికి ఫోన్ చేసి చెప్పాను. చెప్పకుండా రాయటం తప్పనిపించింది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, 'ఏంటే, నా ఇంట్లో అన్నం తిని నామీదే రాస్తావా?'

'నీమీద కాదు, నామీద' అన్నాను.

'నీమీద రాసుకోటానికి నా ఇల్లే దొరికిందా? సరే, మీ ఇంట్లో అంట్లు ఎవరు తోముతున్నారు? ఎంతిస్తున్నావు? ఆవిడకి ఆదివారం సెలవుందా?'

లేదు. మా ఇంట్లో పనికి వచ్చే ఆమెకి నెలకి రెండు సెలవులు, మూడోరోజు మానేస్తే నేను గొణుగుతాను. స్నేహితురాలి దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. ఇంటిపనివాళ్ళ హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో తెచ్చిన 189వ ఒడంబడికని మన దేశం కూడా ఇంతవరకు ధృవీకరించలేదు. ఈ విషయంలో సింగపూర్‌కి పాఠాలు చెప్పే అర్హత మనకి లేదు. కానీ మా ఆమె రాత్రికి తన ఇంటికి తను పోతుంది. నేను నచ్చకపోతే రేపు పక్కింట్లో చేరుతుంది. ఆమె కడుపు సంగతి ఏ ఆఫీసూ అడగదు. ఇవి నా మంచితనం వల్ల వచ్చినవి కావు, అందుకే వాటికి విలువ. జావా ఆవిడకి దొరికేదంతా మా స్నేహితురాలి మంచితనం వల్లే దొరుకుతుంది. అందుకని ఆ మంచితనం ఎంత నిజమైనదైనా (నిజమైనదే, నాకు తెలుసు, ఆవిడ కూతురి చదువుకి తను విడిగా డబ్బు పంపుతుంది) దాని మీద నాకు నమ్మకం కుదరటం లేదు. మంచి యజమానీ మంచి మొగుడూ ఒకటే. దొరికితే అదృష్టం. అదృష్టం మీద ఆధారపడొద్దు, హక్కుగా అడుగు అని కదా మనం ఆడవాళ్ళకి ఇన్నేళ్ళుగా చెబుతున్నది.

'నేను ఆ కథలు రాసింది ఆవిడ ఉండబట్టేనే' అంది ఆఖరికి. ఏడుస్తోందని అర్థమైంది. 'ఆవిణ్ణి పంపించేసి మళ్ళీ ఏడేళ్ళు నోరు మూసుకోమంటావా? వాళ్ళాయన్ని పంపించమని ఆవిడకి చెప్పవేం, మా ఆయన్ని గిన్నె కడగమని చెప్పవేం? నాకే ఎందుకు చెబుతావు?'

ఈ ప్రశ్నకి నాదగ్గర పూర్తి జవాబు లేదు. తను చెప్పిందాంట్లో నిజముంది. ఆ ఇంట్లో మగమనిషి సోఫాలోంచి లేవకుండానే వంటిల్లు ఒక ఆడదాని చేతిలోంచి ఇంకో ఆడదాని చేతిలోకి పోయింది. ఇద్దరాడవాళ్ళ మధ్య జీతం, సెలవు, గొణుగుడు. ఆయనకి అందరూ మంచివాళ్ళే. కకక్ కూడా ఆయన్ని 'సర్ చాలా మంచివాడు' అంటుంది, ఎందుకంటే ఆయన ఏ పనీ చెప్పడు. పని చెప్పాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు. కానీ కథలు రాసిన చేతికి ఒక బాధ్యత ఉంటుంది. ఆ మూడు కథల్లోనూ వంటింట్లో మగ్గిన గృహిణి ఉంది, ఆమె ఏదో ఒక రోజు తలుపు తీసుకుని బయటికి వస్తుంది. ఆ తర్వాత వంట ఎవరు చేశారో ఏ కథలోనూ లేదు. విమర్శకురాలిగా నేనూ అడగలేదు. దళిత స్త్రీలు మనల్ని ఈ ప్రశ్న ఎప్పుడో అడిగారు. గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చి (2003) రెండు దశాబ్దాలు దాటింది. మన స్త్రీవాదం ఎవరి భుజాల మీద నిలబడి మాట్లాడుతోందో అప్పుడే విన్నాం. విని, సిలబస్‌లో పెట్టుకున్నాం.

* * *

'ఆవిడ ఇష్టపడే వచ్చింది' అని అందరూ అంటారు. నిజమే. మా అమ్మకి అక్క వరసయ్యే ఒకామె కూడా రాజోలు దగ్గర పల్లెలోంచి ఇష్టపడే కువైట్ వెళ్ళింది. ఖద్దామా వీసా మీద. గోదావరి జిల్లాల్లో, కడప జిల్లాలో ఈ మాట తెలియని వీధి ఉండదు. 1990లలో ఫోన్ ఖర్చని ఆమె క్యాసెట్లో మాటలు రికార్డు చేసి ఎవరైనా ఊరొస్తుంటే పంపేది. ఇంటిల్లిపాదీ టేప్ రికార్డర్ చుట్టూ కూర్చునేవాళ్ళం. 'నేను బాగున్నాను, ఇక్కడ చలిగా ఉంటుంది, అందరికీ కొబ్బరాకు పొయ్యి దగ్గర కూచున్నట్టుంటుందా?' ఇలాంటివే మాటలు. మధ్యమధ్యలో గొంతు ఆగిపోయేది, టేపు తిరుగుతూ ఉండేది. ఆ ఖాళీలో ఏముందో మా అమ్మకి తెలుసనుకుంటాను. ఏమీ అనేది కాదు. నా పదో తరగతి ఫీజు ఆ పెద్దమ్మ పంపిన డబ్బులోంచే కట్టారు.

ఇంత తెలిసినదాన్ని నేను. గల్ఫ్‌లో మనవాళ్ళ కష్టాల మీద వచ్చిన కథలకీ కవితలకీ ముందుమాట రాసినదాన్ని. అక్కడి యజమానురాలిని ఆ కథల్లో ఎలా చిత్రిస్తాం? నగలు, సెంటు వాసన, చేతిలో రిమోటు, కరుణ లేని కళ్ళు. సింగపూర్‌లో ఆ కుర్చీలో కూర్చున్నది మనమ్మాయి. మంచి కళ్ళున్న, కవిత్వం వచ్చిన, నన్ను కౌగిలించుకుని ఏడ్చిన మనమ్మాయి. అందుకే మనకి ఆ కుర్చీ కనపడదు. వారానికి ఒక సెలవు ఉండాలని కువైట్ కూడా 2015లో చట్టం చేసింది. కాగితం మీదే అంటారు. అవును, కాగితం మీదే. రెండుచోట్లా కాగితాన్ని అమలు చేయాల్సింది ఇంటి ఇల్లాలే.

ఘోరాల గురించి రాస్తే మనకి సులువు. 2016లో పియాంగ్ న్గాయ్ డాన్ అనే 24 ఏళ్ళ మయన్మార్ అమ్మాయి సింగపూర్‌లో ఒక భారత సంతతి ఇంట్లో చనిపోయింది. అప్పటికి ఆమె బరువు 24 కిలోలు. పద్నాలుగు నెలలు తిండి పెట్టక, కొట్టి చంపారు. 2021లో యజమానురాలికి 30 ఏళ్ళ శిక్ష పడింది. ఆ వార్త చదివినప్పుడు అందరం నిర్ఘాంతపోయాం. నిర్ఘాంతపోవటంలో ఒక సుఖముంది. మనం అలాంటివాళ్ళం కాదు అన్న సుఖం. కొట్టని ఇంట్లో, తిట్టని ఇంట్లో, పునుగులు తినే సాహిత్య సభలో ఒక ఆదివారం మాయమైపోవటానికి వార్త విలువ లేదు. కాబట్టే దాని గురించి రాయాలి.

యాత్రారచన ఈ పని చెయ్యలేదా? మన మొదటి యాత్రాగ్రంథకర్త ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరింది పల్లకీలో, పెద్ద పరివారంతో. ఆయన స్త్రీవాది కాదు, అభ్యుదయవాది కాదు, కంపెనీ కొలువులో ఉన్న పెద్దమనిషి. అయినా పల్లకీ మోసిన బోయీలు ఆయన పుస్తకంలో ఉన్నారు. నేను విమానంలో వెళ్ళాను కాబట్టి నాకు పల్లకీ లేదనుకున్నాను. స్నేహితుల ఇంట్లో దిగటం, హోటల్ ఖర్చు లేకపోవటం, వేళకి ఇంటి తిండి, ఉతికి మడతపెట్టి మంచం మీద ఉంచిన బట్టలు, అర్ధరాత్రి తెరుచుకునే తలుపు. నా పల్లకీ ఇదంతా. ఒంటరి ప్రయాణం, స్వేచ్ఛా ప్రయాణం అంటూ ఈమధ్య వస్తున్న మన రచనల్లో స్నేహితురాలి ఆతిథ్యానికి ఒక పేరా కృతజ్ఞత ఉంటుంది. నాదాంట్లోనూ ఉంది. ఆతిథ్యం చేసిన చేతులు వేరు, కృతజ్ఞత అందుకున్న చేతులు వేరు.

సింగపూర్ తన పాత కూలి స్త్రీలని ఇప్పుడు గౌరవిస్తోంది. ఎర్రటి తలగుడ్డ కట్టుకుని భవన నిర్మాణంలో ఇటుకలు మోసిన సంసుయి స్త్రీలకి శిల్పాలున్నాయి. 2024లో చైనాటౌన్‌లో ఒక గోడమీద సిగరెట్ పట్టుకున్న సంసుయి స్త్రీని చిత్రిస్తే పెద్ద వివాదమే నడిచింది. ఆ స్త్రీలు దక్షిణ చైనా నుంచి వచ్చింది 1920ల నుంచి. వంద సంవత్సరాలు పడుతుందేమో, కూలిమనిషి గోడమీద బొమ్మ కావటానికి. నేను అంతకాలం ఆగనక్కర్లేదు కదా. నా ఫోన్లో ఆ అయిదు రోజుల ఫొటోలు మూడువందల పైన ఉన్నాయి. వెతికాను. ఆ ఆదివారం సభలో పద్నాలుగు మందిమీ సోఫా ముందు నిలబడి తీయించుకున్నది ఒకటుంది, అందరూ నవ్వుతున్నారు. తీసింది ఆవిడే.

సంకలనం సంపాదకులకి ఉత్తరం రాశాను. నా వ్యాసం వేసుకోవచ్చు, కానీ మొదటి వాక్యం తర్వాత నేను పంపిన రెండు పేరాలు చేర్చాలి. ఒకటి ఆ తలుపు గురించి, ఒకటి లొంతోంగ్ గురించి. వ్యాసం మూడ్ దెబ్బతింటుంది, పాతదే ఉంచుదాం అని జవాబొచ్చింది. కుదరదని మళ్ళీ రాశాను. నా స్నేహితురాలు ఫోన్ ఎత్తటం లేదు. కిందటివారం మాత్రం ఒక మెసేజ్ పెట్టింది. ఇక నుంచి ఆదివారాలు ఇంటికి ఎవరినీ పిలవటం లేదట. వాళ్ళాయన ఆ రోజు వంట చేస్తాడా, బయట నుంచి తెప్పిస్తారా అని అడుగుతూ జవాబిచ్చాను. చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి.